కొల్లేటి లంకలో నా సర్వే

మొన్న ఆదివారం కొల్లేటి లంకలో నన్ను నిర్బంధించారండీ! పులుసు పెట్టి మరీ నిర్బంధించారు. తప్పు నాదేలెండి.

తాడేపల్లిగూడెంలో టీచరుగా చేస్తూనే దూరవిద్యలో మానవ హక్కుల పీజీకి కట్టాను కదా. "చట్టం ఒక్కటే చదివితే చాలదమ్మా, సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం అన్నీ కలిపి చూడాలి. జనంలోకి వెళ్లండి," అన్నారు మా గైడు గారు. సోమవారానికి జనాన్ని ప్రశ్నలడిగి నలభై ఫారాలు నింపి తేవాలి. లేకపోతే ప్రాజెక్టు పోతుంది, దాంతో ఏడాదీ పోతుంది. పొద్దున్నే ఏలూరు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో లంకకి చేరాను.

అరుగు మీద ఓ పెద్దాయన వల బాగుచేసుకుంటున్నారు.

"ఏ పని మీద వచ్చారమ్మా?"

"సర్వేకండీ!" అన్నాను హుషారుగా.

ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కొట్టే ముందు కొలవడానికి వచ్చినవాళ్లూ ఈ మాటే అన్నారట. నాకేం తెలుసు? ఐదు నిమిషాల్లో ఊరంతా చుట్టూ చేరింది. టేపు ఎక్కడ దాచానో అని ఒకావిడ నా గొడుగు విప్పి చూసింది.

"ఇలా కూర్చోండమ్మా. మిగిలిన చెరువు జోలికి రామని రాసిచ్చి వెళ్దురుగాని," అన్నారు పెద్దాయన ఎంతో మర్యాదగా.

"అయ్యో, నేను హక్కుల గురించి వచ్చానండీ!"

"అంటే చెరువు మీద హక్కెవరిదో తేలుస్తారన్నమాట."

ఇక అరుగు మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం కొర్రమీను పులుసుతో భోజనం. తర్వాత పెద్దాయన కోడలు, టెన్త్ పాసైందట, నా ఫారం తీసి పైకి చదివింది. "మీ ఇష్టం లేకుండా మిమ్మల్ని ఎవరైనా ఆపి ఉంచారా?"

అందరూ నా వైపు చూశారు.

"దీనికి జవాబు మీ దగ్గరే ఉన్నట్టుందండీ," అంటూ ఆవిడ పెన్ను తీసింది. "ఎప్పట్నుంచి?"

"పదింటి నుంచండీ."

"తిండి పెట్టారా?"

"మారు కూడా వడ్డించారండీ."

అంతా పొందిగ్గా రాసింది. ఫారంలో గట్ల మాట ఎక్కడా లేదని తేలాక, ఏమీ అనుకోవద్దంటూ సాయంత్రం వాళ్లే ఆటో ఎక్కించారు. కోపం రాలేదండీ, సిగ్గేసింది. ఏ ఊళ్లో ఏ మాట అనకూడదో తెలియకుండా హక్కులు చదవడానికి బయల్దేరాను!

ఫారాల్లో ఆడో మగో ఉంటుంది గాని పేర్లుండవు. సోమవారం గైడు గారు ఆ ఒక్కటీ మూడుసార్లు చదివారు.

"ఎంత నిజాయితీగా చెప్పిందమ్మా! మిగతావి?"

"ఖాళీయేనండీ."

"పోనీ, ఈ బాధితురాల్ని ఒక్కసారి నా దగ్గరికి తీసుకొస్తే ఇంకో వారం గడువిస్తాను."

"తీసుకొచ్చేశానండీ," అన్నాను.