డే కేర్‌లో పంక్తి మర్యాద

మా ముత్తాతగారు ఊరి మునసబు. తాతగారు సమితి ప్రెసిడెంటు. నాన్నగారు ఏ పదవీ లేకుండానే చివరిదాకా ప్రెసిడెంటుగారనే పిలిపించుకున్నారు. ఆ పిలుపు నిలబెట్టడానికి ఉన్న పొలమంతా సరిపోయింది. ఇక నేను. కొవ్వూరులో పెద్దవాళ్ల డే కేర్ సెంటర్లో కిటికీ పక్క కుర్చీ నాది. పొద్దున తొమ్మిదికి వ్యాను వచ్చి ఎక్కించుకుంటుంది, సాయంత్రం నాలుగున్నరకు దింపుతుంది. మా వంశంలో ఇంటి ముందుకు బండి పంపి మరీ రోజూ పిలిపించుకునే గౌరవం నా ఒక్కడికే దక్కింది.

పక్షవాతంతో నా కుడి చెయ్యి పడిపోయి రెండేళ్లు. మాట, నడక చాలావరకు తిరిగొచ్చాయి. చెయ్యి రాలేదు. ఇంట్లో మా ఆవిడ తలుపు దగ్గరగా వేసి అన్నం తినిపించేది. ఎడమచేత్తో తినడం మా ఇంట ఎవరూ చెయ్యని పని కనుక ఆ ప్రస్తావన ఇద్దరిలో ఎవరమూ తేలేదు. సెంటర్లో చేరేటప్పుడు సొంతంగా తినగలరా అని అడిగితే మాత్రం, తినగలనన్నాను. అబద్ధం కాదు. ఎప్పుడూ ప్రయత్నించలేదంతే.

మా పంక్తిలో ఒక పద్ధతి ఉండేది. వడ్డన పూర్తయ్యాక ఇంటి పెద్ద "కానివ్వండి" అనేదాకా ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టరు. ఆ పెద్దాయన మాత్రం, వడ్డించేవాళ్లు వచ్చి "మీరూ కానివ్వండి బాబూ" అని అడగందే ముట్టుకోరు.

సెంటర్లో మొదటిరోజు మధ్యాహ్నం పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నాం. వడ్డన అయింది. ఒక్కరూ కంచం ముట్టుకోలేదు. అందరూ తలలు వంచుకుని ఊరుకున్నారు. నాకు మనసు నిండిపోయింది. లోకం మరీ అంత చెడిపోలేదు, మనిషిని చూసి పోల్చుకునేవాళ్లు ఇంకా మిగిలారనుకున్నాను. గొంతు సవరించుకుని "కానివ్వండి" అన్నాను.

"ఆమెన్" అన్నారు పక్క కుర్చీలో ఆవిడ. అందరూ తినడం మొదలుపెట్టారు.

ఆవిడ లూథరన్ బడిలో పనిచేసి రిటైరైన టీచరుగారు. రోజూ భోజనానికి ముందు మెల్లగా ప్రార్థన చేస్తారట. మిగతావాళ్లు మర్యాదకి ఆగుతారట. ఆవిడ నావైపు తిరిగారు.

"ప్రార్థన ప్రభువుకండి. పర్మిషన్ తమరిచ్చారు."

సరే, నన్నెవరైనా అడుగుతారని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. పప్పు చల్లారింది. ఆయా వచ్చి నా కంచం చూసింది, ఒళ్లో పడి ఉన్న చెయ్యి చూసింది.

"ఏంటండి బాబుగారూ, చెయ్యి ఆడదని ముందే చెప్పొచ్చు కదండి!" అని స్టూలు లాక్కుని, అన్నం కలిపి, స్పూను నోటి దగ్గర పెట్టింది. "ఆఁ... తెరవండి."

మునసబుగారి మునిమనవడు అందరి ముందూ నోరు తెరిచాడు.

సాయంత్రం వ్యాను ఎక్కబోతుంటే సూపర్వైజరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. "తినిపించాల్సినవాళ్లకి ఇంటి మనిషి తోడు రావాలండి. మాకున్నది ఒక్క ఆయా. రేపట్నించి అమ్మగారిని కూడా తీసుకొచ్చేయండి."

స్పూను సంగతి, టీచరు సంగతి, ఈ రూలు సంగతి మా ఆవిడకి వరసగా చెప్పాలని దారంతా మాటలు పేర్చుకున్నాను. గుమ్మంలో తనే ముందు మాట్లాడింది.

"ఏమండీ, ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నానండి. లేచాక ఏ పూటో తెలియలేదు."

నా వెనక రెండేళ్లుగా పగలూ రాత్రీ తిరిగిన మనిషి. మొహం తేటగా ఉంది. రేపట్నించి తనూ రావాలని ఆ మొహానికి చెప్పలేకపోయాను.

మర్నాడు సూపర్వైజరమ్మను ఒక్క పూట ఆగి చూడమన్నాను. భోజనాల వేళ ప్రార్థన అయ్యేదాకా నోరు మూసుకున్నాను. నేను లేకుండా కూడా పంక్తి చక్కగా మొదలైంది. నా ఎడమ చెయ్యి బల్ల కిందే ఉంది. ఆయా స్పూనుతో బయల్దేరింది.

టీచరుగారు కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నారు. "పిల్లలు ఎడంచేత్తో రాస్తే బెత్తం విరిగేలా కొట్టేదాన్నండి. మీరు తింటే కొట్టనులెండి. కానివ్వండి."

చెయ్యి పైకి తీశాను. అరటికాయ కూర సగం నోటికి, సగం చొక్కాకి పెట్టాను. ముద్ద కట్టడం మూడేళ్ల పిల్లాడు నాకంటే బాగా చేస్తాడు. ఎవరూ నావైపు చూడకపోదురు గానీ, ఆయా వంటగదిలోకి వినపడేలా కేక పెట్టింది. "ఆయ్! బాబుగారు తింటున్నారండోయ్!" అందరూ చూశారు. సూపర్వైజరమ్మ నా కంచం ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఫైలులో తోడు మనిషి రావాలన్న లైను కొట్టేసింది. తాతగారికి ఊరూరా పూలదండలు వేశారు. నాకు ఒక గీత కొట్టారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ చొక్కా చూసింది, పసుపంటిన ఎడమచేతి గోళ్లు చూసింది.

"కూర బాగుందా అండీ?"

"ఉప్పు తక్కువ" అన్నాను.

మొదటి వారమంతా తను మధ్యాహ్నాలు నిద్రపోయింది. తర్వాత ఓపిక వచ్చి ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. మా పంక్తి భోజనాలకు వేసుకునే టేకు పీటలు, ఇత్తడి పువ్వులు దిగ్గొట్టినవి, పన్నెండూ పోయిన నెల నేను సెంటర్లో ఉండగా రాజమండ్రి పాతసామాన్ల కొట్టతనికి అమ్మేసింది.