వేళ్ల గుంట

తుఫాను వెలిసిన మర్నాడు నేనెక్కిన బస్సు రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్టు ముందు ఆగిపోయింది. గాలిని రప్పించింది డ్రైవరే అన్నట్టు అందరూ ఆయన్ను తిడుతూ దిగారు. ఊళ్లు తిరిగేవాణ్ని, నాకేం తొందర? పెల్లగిలిన వేళ్లు చూద్దామని గుంట అంచుకు వెళ్లాను.

"పెద్దాయనా, అక్కణ్నుంచి జరగండి!" అని కేక. కోత మిషను పట్టుకున్న బక్కపలచటి మనిషి.

"పడ్డ చెట్టు మళ్లీ పడుతుందా?"

"పడదు. లేస్తుంది."

నవ్వాను. గుంటలోంచి ఒకావిడ కూడా నవ్వింది. చిన్న గొడ్డలితో మొదలుకంటిన మట్టి గీకుతోంది. మట్టి ఉంటే రంపం పళ్లు పోతాయట.

"మా మరిదికి తాటాకు కదిలినా గుండె దడ" అందావిడ.

ఆయన లేతు మేస్త్రి. తిరిగే చెక్కకు ఉలి ఆనించి గిన్నెలు, బొంగరాలు, మంచం కోళ్లు తీస్తాడు. పచ్చని చెట్టు జోలికి పోడు. గాలివాన వెలిస్తే లోకమంతా ఇంటి కప్పు చూసుకుంటుంది, ఈయన రోడ్లు చూస్తాడు. రోడ్డు కూలీలు వచ్చి కట్టెలకింద నరికేలోగా మాను కోసి, నడిమికి చీల్చి, కొసలకు మైనం పూయాలి. లేకపోతే ఎండకు పగుళ్లు.

నేను చదివిన ఓడ ప్రయాణాల పుస్తకాల్లో తుఫాను దాటాక భయం తీరిపోతుంది. ఈయనకు అప్పుడే మొదలవుతుంది. మాను బరువే వేళ్లగడ్డను పక్కకు ఒరగబెట్టి ఉంచుతుంది. మాను తెగితే గడ్డ వెనక్కి గుంటలో కూలబడి, మోడు నిటారుగా లేవొచ్చు. ఆయన అన్నగారు అలాంటి గుంటలోనే పోయాడు. ఇదంతా వదినే చెప్పింది, ఎవరి మొగుడి సంగతో చెబుతున్నట్టు.

"వదినా, పైకి రా. నాకు కనబడేలా నిలబడు."

"వచ్చాలే, మహానుభావా!" అంటూ ఎక్కి ఆయన ఎదురుగా నిలబడింది.

మిషను రొద మొదలైంది. పొట్టు మా మొహాల మీద పడుతుంటే అందరం మానునే చూస్తున్నాం. ఫెళ్లుమంది. మోడు ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేచింది. కాళ్లకింద నేల అదిరింది. గుంట లేదు.

మేస్త్రి తలెత్తాడు. ఎదురుగా వదిన లేదు. గడ్డ అంచుకింద నుంచి గొడ్డలి పిడి మాత్రం బయటికి కనబడుతోంది.

"వదినా!"

మిషను పడేసి గోళ్లతో మట్టి తవ్వసాగాడు. కండక్టరు, నేను, ఎవరెవరో వంగి తవ్వాం. నా వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది; లాగడానికి ధైర్యం చాల్లేదు. కండక్టరు లాగాడు. నానిన బెరడు.

"ఏం పోయింది మరిదీ, అంతలా వెతుకుతున్నావు?"

బస్సు వెనకనుంచి నీళ్ల సీసాతో వస్తోంది.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మేస్త్రి మోకాళ్లమీదే ఉండి ఆవిడ పాదాలవంక చాలాసేపు చూశాడు. గోళ్లనుంచి రక్తం కారుతోంది.

"దాహమేసింది" అందావిడ, గొంతు తగ్గించి. "గొడ్డలి కిందే వదిలేశాను... చెప్పి వెళ్దామంటే నీకు వినబడదు కదా."

ఆయన లేచాడు. చేతులు పంచెకు తుడుచుకుని, కోసిన మానును దాటి రోడ్డెక్కాడు.

"ఎక్కడికి? మాను చీల్చొద్దూ? ఎండెక్కితే పగిలిపోతుంది!"

ఆయన వెనక్కి తిరగలేదు.