ఓట్ల పూట మా అత్త పాత చీర

మా బర్రెలోళ్ల వాడల ఒక్క ఓటు మిగలకుండా వేయించిన మొనగాణ్ణి నేను. అదీ ఒక్క బర్రె సాయంతోని. ఓట్లేసే బడి ముంగట, పోలీసాయన, ఆఫీసర్లు, ఊరు ఊరంతా చూస్తుండంగ ఎనిమిది శేర్ల పాలు పిండి ఎన్నికలను నిలబెట్టిన.

ఇదంతా నిజమే. కాకపోతే జర సాగదీసిన. ఎక్కడెక్కడ సాగిందో నడుమ నడుమ నేనే ఒప్పుకుంట.

అరవైలల్ల ముచ్చట. ఉప్పల్‌కు, నాచారానికి నడుమ మాదొక చిన్న పల్లె. నేను ఆ ఇంటికి ఇల్లరికం అల్లుణ్ణి. అంటే కుక్క కంటె ఒక మెట్టు పైన, బర్రె కంటె రెండు మెట్లు కింద. బర్రె పాలన్న ఇస్తది. నేను పొద్దంత అరుగు మీద కూసుండేటోణ్ణి. నాచారంల అప్పుడప్పుడే కార్ఖానాలు లేస్తున్నయి. ఓట్లకు నిలబడ్డ ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేసి, "మీ వాడోళ్లందరితోని ఓట్లేయించు తమ్మీ, కార్ఖానా గేటు కాడ నౌకరి ఇప్పిస్త" అన్నడు. ఆ నౌకరి వస్తే వేరు కాపురం. రాకుంటే అదే అరుగు.

మా ఊర్ల పార్టీలు రెండే: మీది వాడ, కింది వాడ. మీది వాడ ఎవుసం చేసేటోళ్లది, కింది వాడ మాది. వాళ్లు మోరీ నీళ్లు మా గల్లీలకు ఒదిలినప్పటి నుంచి వాళ్లు ఎటేస్తే మేము దానికి ఎదురు. ఒకసారి వాళ్లు పార్టీ మార్చిన్రని తెలిసి, మేము కూడ పొద్దుగూకే లోపల సిద్ధాంతం మార్చుకున్నం. ఈసారి వాళ్లు ఆ పెద్దమనిషికి వ్యతిరేకం, కాబట్టి ఆయన మావోడు. నా నౌకరికి ఆధారం ఆ మోరీ నీళ్లే.

ఓట్ల పొద్దున మా అత్త, "మీది వాడోళ్ల కంటె ముందు నా ఓటే పడాలె" అని, పాలు పిండుడు కూడ ఆపి, పెట్టెలకెంచి కొత్త చీర తీసి కట్టుకొని బడి కాడికి పోయింది. మొదటి ఓటు ఆమెది, రెండోది నాది. వేలికి సిరా పెట్టించుకొని వచ్చి బర్రె కాడ కూసున్నది. బర్రె ఆమెను వాసన చూసి తల తిప్పుకున్నది. దుడ్డెను విడిచినా, తవుడు పెట్టినా, బుజ్జగించినా పాలు పొదుగులకు దింపలే.

"సిరా వాసనకు ఎగసేపింది" అన్నది అత్త.

అంతే. నిమిషంల వాడంత పాకింది. బడికి బయల్దేరిన ఆడోళ్లు ఎక్కడోళ్లక్కడ ఆగిన్రు.

"ఆ సిరా నెల దాక పోదంట. నెలంత బర్రెలు ఎగసేపితే అంబర్‌పేట్‌కు పాలు నువ్వు పోస్తవా అల్లుడా?" అన్నది పక్కింటి పెద్దమ్మ.

"ఓటు మన హక్కు పెద్దమ్మా."

"అయితే మాపటికి దాన్నే పిండుకొని తాగు."

పగటాలకు మీది వాడ ఓట్లన్ని పడ్డయి. బడి కాడ మా వాడ లైనంటే నేనొక్కణ్ణే. నేనేమో ఓటేసినోణ్ణి. ఆఖరుకు వాడోళ్లను మా కొట్టం ముంగటికి పిలిచి, "నా వేలికి కూడ సిరా ఉన్నది, నేను పిండుత సూడున్రి" అన్న. బడి ముంగట అని మొదట చెప్పింది అబద్ధం. ఆ బర్రెను నేను అప్పటిదాక ముట్టింది కూడ లేదు. ఇట్ల కూసున్ననో లేదో ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒక దిక్కు, నేనొక దిక్కు.

మా ఇంటామె కొట్టంల మేకుకు వేలాడుతున్న అత్త పాత చీర తెచ్చి నా మీద వేసింది. మా దిక్కు అది ఉన్నదే. పాలు పిండే ఆడమనిషికి జ్వరమొస్తే, మొగోడు ఆమె రోజూ కట్టే చీర చుట్టుకొని పిండుతడు. బర్రెకు మనిషి కంటె చీర వాసనే గుర్తు.

"జల్ది కట్టుకో, టైం అయితున్నది" అన్నది.

నౌకరి యాదికొచ్చింది. కట్టుకున్న. కొంగు నెత్తి మీదికి కప్పుకున్న. బర్రె ఒకసారి వాసన చూసి, నిమ్మళంగ పాలు దింపింది. ఎనిమిది శేర్లు కాదు, చెంబెడు.

అప్పుడు అందరికి అర్థమైంది. తప్పు సిరాది కాదు, పురుగు పట్టకుండ పెట్టెల వేసిన డాంబరు గోలీలది, అత్త కొత్త చీరకు పట్టిన వాటి వాసనది. ఆడోళ్లు నవ్వుకుంట బడి దిక్కు నడిచిన్రు. చీర విప్పే తీరిక లేక, చెంబు చేతుల పట్టుకొని వాళ్ల ముందట నేను. గేటు కాడ పోలీసాయన ఆపిండు. నా వేలు చూసిండు, చీర చూసిండు, మీసం చూసిండు.

"దొంగ ఓటుకు వచ్చేటోనివి, మీసమన్న తీసి రావద్దా?"

"దొంగ ఓటు కాదు సార్, బర్రె కోసం కట్టుకున్న."

"మీ ఊర్ల బర్రెలకు కూడ ఓట్లున్నయా?"

లైన్లకెంచి పెద్దమ్మ, "మా అల్లుడే సార్, బర్రె కూడ ఒప్పుకున్నది" అని సాక్ష్యం చెప్పింది. ఆయన వినలే. ఓట్లు ఒడిసేదాక నన్ను బడి అరుగు మీద కూసోబెట్టిండు. ఎక్కడికి పోయినా నాకు అరుగు తప్పలే.

ఒక్క ఓటు మిగల్లేదన్నది కూడ సాగదీసిందే. మా వాడోళ్లల్ల కొందరు నన్ను చూడనీకి లైను విడిచి, మళ్ల నిలబడలే. మీది వాడోళ్లయితే, ఈ తమాషా చూపిద్దమని ఇండ్లల్ల ఉన్న ముసలోళ్లను మంచాల మీద మోసుకొచ్చి, పనిల పనిగ వాళ్లతోని ఓట్లు కూడ వేయించిన్రు. మా పెద్దమనిషి ఓడిపోయిండు.

అయినా నెల తిరగకముందే నాకు నౌకరి వచ్చింది. ఓడినా మాట తప్పలే, నా కష్టం చూసి ఇచ్చిండని రిటైరయ్యేదాక గేటు కాడ వచ్చినోళ్లకు, పోయినోళ్లకు చెప్పిన.

నిన్న ఇదంత మా ఇంటామెకు చదివి వినిపించిన. చిక్కుడుకాయలు తుంచుకుంట ఆఖరు దాక విన్నది.

"నీ కష్టం సూసి ఇయ్యలే" అన్నది. "మా అమ్మ పోయి ఆ పెద్దమనిషి వాకిట్ల కూసున్నది. 'మా అల్లునికి నౌకరియ్యకుంటే రేపటి సంది మీ ఇంటికి పాలు ఆయనే తెస్తడు, గదే చీర మీద' అన్నది. గందుకు ఇచ్చిండు."