నాలుగు కుర్చీల మాస్టారు

మాస్టారు పోయారని బుధవారం పొద్దున్నే కోడలు చెబితే, ఏ మాస్టారే అన్నాను. ముందురోజు సాయంత్రం పచ్చమూత బిన్ రోడ్డు పక్కకు తోస్తూ నాకు చేయి ఊపిన మనిషి పోవడమేమిటి? నిద్రలోనే గుండె ఆగిందట. పరుగున వెళ్ళి చూస్తే ఆ బిన్ అక్కడే ఉంది. చెత్తబండి దాన్ని ఖాళీ చేసి మూత తెరిచి వదిలేసింది. ఇవాళ్టికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఇందులో ఆమె వెళ్ళే చర్చి సంఘం మాట కూడా వస్తుంది కాబట్టి, ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఈ పరాయి దేశంలో, టార్నీట్‌లో మా వెనక వీధిలోనే, కూతురి దగ్గర ఉండేవారాయన. మన వైపు పాస్టర్లు కాబోయేవాళ్ళకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. గురువారం మూడింటికి మా వంటింట్లో కూర్చుని నాకు బైబిలు చదివేవారు. మొదటి రోజే ఒళ్ళు మండింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆర్.సి.ఎం. వాళ్ళు, అంటే కేథలిక్కులు, ఆ భాగాన్ని ఎలా చదువుతారో చెప్పారు. లేచి పక్క కుర్చీలోకి మారి లూథరన్లు, తర్వాత బాప్టిస్టులు, ఆఖరున పెంతెకొస్తువాళ్ళు.

"ఏం మాస్టారూ, కుర్చీకో సంఘమా? సిగ్గు లేదూ?" అన్నాను.

పకపకా నవ్వారు. "మా నాన్న బాప్టిస్టు, మా ఆవిడ ఆర్.సి.ఎం. ఎవర్ని వదలమంటారు అక్కయ్యగారూ? ఎదుటివాడి మాట మనం చెబితే వాడు 'అవును, నేననేది అదే' అనాలి. కాదనడం ఆ తర్వాత."

నా గొడవ మీకు తెలియాలి. గుంటూరు జిల్లాలో, లూథరన్ గుడిలో, నలభై రోజుల పసికందుగా నాకు బాప్తిస్మం ఇచ్చారు. అది చెల్లదంటుంది మావాళ్ళ సంఘం. నీళ్ళలో మునిగితేనే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మూడేళ్ళుగా రొట్టె పళ్ళెం నా ఒడి మీదుగా పక్కవాళ్ళకు పోతోంది. చివరికి, "వేడినీళ్ళ పూల్ బుక్ చేశాం ఆంటీ, ఈ ఆదివారం కాదు, పై ఆదివారమే," అన్నాడు పాస్టరు.

అందుకే, చెరసాల అధికారి ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందిన భాగం చదవమని మాస్టారిని అడిగాను. మొదటి కుర్చీ: ఇంటిల్లిపాది అంటే పిల్లలూ ఉంటారు, సంఘం మొదటినుంచీ వాళ్ళను దూరం పెట్టలేదు. రెండోది: బిడ్డకు తెలియకపోతేనేం, మాట ఇచ్చింది దేవుడు. మూడోది: ఇంట్లో అందరికీ వాక్యం చెప్పారని అక్కడే ఉంది కదా, విని నమ్మినవాళ్ళే నీళ్ళలో దిగారు. నాలుగోది: నీళ్ళ కంటే ముందు భూకంపం చూడండి, చెరలో ఉన్నవాళ్ళు పాడుతుంటే సంకెళ్ళు ఊడాయి.

ఏ కుర్చీలో కూర్చున్నా ఆ మనిషే అయిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది, మళ్ళీ కళ్ళు తడిసేవి.

"ఇవన్నీ సరే. మీ మాటేమిటి?"

"వచ్చే గురువారం చెబుతా. టీలో అల్లం కాస్త ఎక్కువ వెయ్యండి."

బుధవారమే పోయారు. చెప్పకుండా పోతారా మాస్టారూ? గురువారం మూడింటికి అల్లం దంచి, ఇద్దరికీ టీ పెట్టి కూర్చున్నాను.

శనివారం పాస్టరు ఓదార్చడానికి వచ్చి, మెల్లిగా పూల్ సంగతి ఎత్తాడు. నేను మూడో కుర్చీలో కూర్చున్నాను. వినడం, నమ్మడం, ఆ తర్వాతే మునగడం; అతని మాటంతా పొల్లు పోకుండా చెప్పాను.

"అవునాంటీ! ఎగ్జాక్ట్‌లీ అదే!" అన్నాడు.

లేచి రెండో కుర్చీలోకి మారాను. "ఇప్పుడు నా మాట విను బాబూ. మళ్ళీ మునిగితే, ఆ రోజు నన్నెత్తుకున్న దేవుడు రానే లేదని నా నోటితో అన్నట్టు. నేను అనను. పళ్ళెం ఇస్తావో ఇవ్వవో నీ ఇష్టం."

టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "ప్రార్థన చేసి చెబుతానాంటీ," అన్నాడు. కోడలు నా వైపు చూడలేదు, కానీ నా కప్పులో మళ్ళీ టీ పోసింది.

మాస్టారు లేచినప్పుడు కుర్చీ లోపలికి తోసేవారు కాదు. ఆఖరి గురువారం తర్వాత నేనూ తోయలేదు; నాలుగూ బల్లకు దూరంగానే ఉన్నాయి.

"నానమ్మా, కెన్ ఐ పుష్ దెమ్ ఇన్?" అంది మనవరాలు.

"వద్దే. ఉండనీ."

మూడింటికి ఎండ కిటికీ పక్క కుర్చీ మీద పడుతుంది. అక్కడినుంచి మెల్లిగా ఒక్కో కుర్చీలోకి జరుగుతుంది. ఎక్కడా ఆగదు.