చెంచాడు సొరనూనె

మా పెద్దమ్మ కామమ్మను జువ్వలదిన్నెలో అందరూ గుండె గల మనిషంటారు. నేనొప్పుకోను. ఆమెకున్నంత భయం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. మొగుడు సముద్రంలో పోయాక సొరచేపల కార్జాలు కాచి నూనె తీసి, పడవ చెక్కలకు పూసుకునేవాళ్లకు అమ్మి బతికింది. రేవులో ఎవరు నోరు జారినా కడిగి ఆరేసేది. ఇంట్లో కూతురు పిచ్చమ్మ తుమ్మితే మాత్రం వణికిపోయేది. ఇదంతా ఆమె నోటే విన్నాను.

అరవై రెండులో పిచ్చమ్మకు నాలుగేళ్లు. ఆ చలికాలం తట్టు పోసింది. ఒంటిమీద అమ్మవారు ఉన్నన్నాళ్లు మా ఇళ్లలో తాలింపు వేయరు, నీచు తగలనివ్వరు, వేపాకు కట్టి చప్పిడి గంజి పోస్తారు. తట్టు తగ్గింది గానీ, అంతలో పక్కూళ్లో మశూచి పడి ఇద్దరు పిల్లలు పోయారు. ఇక పెద్దమ్మ ఆ పథ్యం వదిలితే ఒట్టు! మూడు నెలలు బిడ్డకు గంజే. తను నూనె కాచి వచ్చి, తలకు పోసుకుని, కోక మార్చుకుని గానీ గడప దాటేది కాదు. సముద్రం పక్కన పుట్టిన పిల్ల చేప రుచే మరిచిపోయింది.

టీకాలు వేసే క్రీస్తుదాసు గారు సైకిలు మీద వచ్చి ఊళ్లో పిల్లలందరికీ వేశాడు. వారానికి అందరి చేతులూ పొంగాయి. పిచ్చమ్మ చేతి మీద గీత మాత్రం ఎండిపోయి ఊరుకుంది. పొంగకపోతే టీకా పట్టలేదని లెక్క. పక్కూళ్లో మశూచి, ఇక్కడ పట్టని టీకా. పెద్దమ్మకు తిండి సయించలేదు. దానికి తోడు పొద్దుగూకితే పిల్ల గోడలు తడుముతోంది. ఒకనాడు వాకిట్లో నీళ్లకుండను తన్నుకుని పడింది.

క్రీస్తుదాసు గారు మళ్లీ వచ్చినప్పుడు పిల్ల రెప్పలు ఎత్తి చూశాడు.

"ఏం పెడతా ఉండావు బిడ్డకి?"

"గంజి పోస్తా ఉండానయ్యా. నీచు తగలనీలేదు. అమ్మ మీదొట్టు."

"రేచీకటి ముదిరింది కామమ్మా. ఇట్నే వదిలితే నల్లగుడ్డు మెత్తబడి కారిపోతాది. నేను చూసినా. నువ్వు కాచే సొరనూనే రోజూ ఒక చెంచా పట్టు. ఆసుపత్రిలో సీసాలో పోసిచ్చేదీ అట్టాంటి నూనే."

"టీకా అందుకే పట్టలేదా?"

"ఒంట్లో ఆ నూనె సత్తువ లేకుంటే టీకాకు ఒళ్లు సరిగా పలకదేమోనని మా డాక్టరు గారి అనుమానం. మందు ఎండకి చెడిపోయుండొచ్చు కూడా. నాకు తెలీదు" అని ఆయన రెండో చేతికి మళ్లీ టీకా వేశాడు.

తెలీదన్న మాటకే పెద్దమ్మ ఆయన్ని నమ్మిందనుకుంటాను. నమ్మినా చెయ్యి ఆడాలి కదా! అమ్మవారు తిరిగే రోజుల్లో నీచునూనె బిడ్డ గొంతులో పోయాలి. కన్ను నిలబెట్టబోయి ప్రాణం తీస్తానేమోనని ఆమె భయం. అయినా ఆ పూటే మొదలుపెట్టి రోజుకో చెంచా పట్టింది.

ఐదో రోజుకు టీకా పొంగింది. ఏడో రోజుకు ఒళ్లు కాలిపోతోంది. టీకా పడితే జ్వరం వస్తుందని ఆయన చెప్పే వెళ్లాడు. అయినా పక్కింటి పెంచలమ్మ గుమ్మంలో నిలబడి, "నూనె పోసినావంటనే! అమ్మకు కోపమొచ్చింది. ఇంకనన్నా ఆపు" అనేసరికి పెద్దమ్మకు ఆయన మాట మీద నమ్మకం సడలింది.

సాయంత్రం చెంచా పట్టుకుని పిల్ల పక్కన కూర్చుంది. చూపొచ్చిందా అని అడగడానికి కూడా వారం నుంచి ఆమెకు ధైర్యం చాలలేదు. పోస్తే ప్రాణం పోతుందేమో, మానేస్తే కళ్లు పోతాయి. "తల్లీ, కోపముంటే నన్ను తీసకపో" అని పైకే అని, పిల్ల నోట్లో నూనె పోసేసింది.

అప్పటికి పొద్దు గుంకి గుడిసెలో మసక కమ్మింది. ఇంకా దీపం పెట్టలేదు. రోజూ ఆమె ఏడ్చుకునేది ఆ వేళే, పిల్లకు కనబడదని. పిచ్చమ్మ నూనె మింగి, మొహం చిట్లించి, ఎక్కడా తడుముకోకుండా చెయ్యి చాపి తల్లి చెంప తుడిచింది.

"అమా, ఎందుకేడస్తా ఉండావు?"