తొక్కని సైకిలు

నా కుర్రతనం యాభై ఏడో ఏట ముగిసింది. అంతవరకూ నాకు వయసు మీద పడలేదు (అని నా నమ్మకం, పడిందని మా ఆవిడ). రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో, ఒంటేలుకు పదేపదే లేస్తున్నానని తెలిసి, ఏలూరులో ఉండే మా బావమరిది రక్తపరీక్షకు రమ్మన్నాడు. రమ్మన్నవాడు ఊరుకోక "ఇంకా సైకిలేంటి బావగారూ, చేతికర్ర కొనుక్కోండి!" అన్నాడు. పౌరుషం వచ్చింది. మా ఊరు కలిదిండి నుంచి ఏలూరు దాకా ఎదురుగాలిలో తొక్కుకుంటూ వెళ్లి, తడిసిన చొక్కాతో ల్యాబు ముందు దిగాను. వాడు నోరు తెరిచేశాడు.

రిపోర్టు వచ్చింది. ప్రోస్టేటు గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ప్రోటీనొకటి ఉందట, పీఎస్ఏ అంటారట. అది ఉండాల్సినదానికి మూడింతలుంది. అలా ఉంటే కేన్సరు కావచ్చు, కాకపోనూవచ్చునట. మా ఆవిడ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టింది. నేను పూటకోసారి తీసి చూశాను. అంకె తగ్గలేదు.

ముగ్గురం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. "పరీక్షకు ముందు సైకిలేమైనా తొక్కారాండీ?" అన్నారాయన. నేను నోరు విప్పేలోగా బావమరిది "తొక్కడమేంటండీ, కలిదిండి నుంచి వచ్చారండీ ఈ మహానుభావుడు!" అన్నాడు. "అదీ సంగతి! సీటు ఒత్తిడికి కూడా పెరుగుతుందండీ. ఆరు వారాలాగి మళ్లీ చేద్దాం." మా ఆవిడ "అంటే అది కాదన్నట్టేనాండీ?" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను లేచి గుమ్మం వైపు నడిచాను. ఎందుకంటే (పైన మీకు చెప్పిందీ అబద్ధమే) నేనారోజు చేపల వ్యానులో వచ్చాను. సైకిల్ని ఐసు పెట్టెల మీద పడుకోబెట్టి, ల్యాబు వీధి మలుపులో దిగి, కరిగిన ఐసునీళ్లు చొక్కా మీద చల్లుకుని, ఆ నాలుగు గుమ్మాల దూరం తొక్కాను.

నోరు మూసుకుంటే ఆరు వారాలు హాయి. ఆ తరవాతో? గుమ్మం దాకా వెళ్లినవాణ్ణి వెనక్కి తిరిగి చెప్పేశాను.

"అందుకా, ఆవేళ మీ చెమట చేపల కంపు కొట్టింది!" అన్నాడు బావమరిది. మా ఆవిడ నవ్వు మాత్రం ఆరిపోయింది. "ఏవండీ, ఇదైనా నిజమేనా?" అంది, చిన్న గొంతుతో.

డాక్టరుగారు మళ్లీ కూర్చోబెట్టి ఇంకో పరీక్ష రాశారు. మూత్రంలో ఇన్ఫెక్షను బయటపడింది. మందులు వాడాక పీఎస్ఏ దిగింది. మా ఆవిడ నాతో మాట్లాడ్డానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

ఇప్పటికీ ఏటా ఆ పరీక్ష చేయించుకుంటాను. సైకిలు తొక్కారా అని అడుగుతారు. మా ఆవిడ నావైపు చూస్తుంది. "లేదండీ" అంటాను. పచ్చి నిజం. మోకాళ్లు మొరాయించాక సైకిలు గోడకు ఆనుకునే ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు నిజం చెప్పడం ఇంత తేలికైపోతుందని ఆ రోజు అనుకోలేదు.