కుడికాలి మడత

మా వీధిలో మెట్ల కింది గదిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ బొత్తాలక్క అంటారు. ఎవరి చొక్కా బొత్తాం ఊడినా ఆవిడ డబ్బాలో దానికి జోడీ దొరుకుతుంది. ఆవిడ కుట్టు విప్పాలంటే బట్ట చిరగాల్సిందే. ఆ గట్టితనమే ఒకసారి తన ప్రాణం మీదికి తెచ్చిందని ఆవిడే చెప్పింది.

భార్యాభర్తలిద్దరూ ఎన్నాళ్ళుగానో అనుకుని సముద్రం మధ్య దీవికి విహారానికి బయల్దేరారు. బొత్తాలక్క ముందే లాడ్జికి ఫోన్ చేసి ఆరా తీసింది. వెళ్ళేటప్పుడు విమానాశ్రయం నుంచి బస్సుంది. తిరుగు విమానం మరీ పొద్దున్నే కాబట్టి ఆ వేళకు బస్సుండదు, టాక్సీ తప్పదు. బండి ఊళ్ళోంచి ఖాళీగా రావాలి కాబట్టి కిరాయి ఎక్కువ. పైగా చేతికి నోట్లే ఇవ్వాలి.

భర్త బస్సులకు రంగులేసే మనిషి. చేతిలో డబ్బుంటే ఊరంతా చుట్టాలే. అందుకని టాక్సీ కిరాయిని పాలిథిన్ కవర్లో చుట్టి, ఆయన నల్ల ప్యాంటు కుడికాలి అంచు మడతలో పెట్టి కుట్టేసింది. ఆయనకు చెప్పలేదు. ఉతికినా తడవదన్న ధీమాతో, మిగిలిన డబ్బంతా ఆఖరి రోజు పడవ షికారుకు తనే ఊడ్చి ఇచ్చింది.

తెల్లవారుతుండగా టాక్సీ వచ్చి హారన్ కొట్టింది.

"ఆ నల్ల ప్యాంటు వేసుకుని రండి, త్వరగా!"

ఆయన స్నానాల గదిలోంచి నవ్వుతూ వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. కింద దారాలు వేలాడుతున్నాయి.

"ఎలా ఉంది? నిన్న సాయంత్రం నువ్వు గవ్వలు ఏరుతుంటే లాడ్జివాళ్ళ కత్తెర అడిగి నేనే కోశా. ఈ ఉక్కకి నిక్కరే హాయి."

బొత్తాలక్క వంగి ఆ దారాలు పట్టుకుంది. "కోసిన ముక్కలేవి?"

"గదులు తుడిచే ఆవిడ అడిగితే ఇచ్చా. పాత గుడ్డ ముక్కలకి అలా మొహం మాడ్చుకుంటావేంటి?"

"అందులో టాక్సీ డబ్బులున్నాయండీ!"

ఆయన నవ్వు అక్కడే ఆరిపోయింది. విమానం తప్పితే టికెట్లు గంగపాలే. మళ్ళీ కొనే తాహతు లేదు. ఇద్దరూ వరండాలోకి పరుగెత్తారు. తుడిచే ఆవిడ బకెట్లో ఒక ముక్క కనిపించింది. బొత్తాలక్క అంచు తడిమింది. మెత్తగా ఉంది. అది ఎడమకాలు.

"రెండోదేదమ్మా?"

"వెనకాల పైపు కారుతుంటే చుట్టి కట్టా. దాన్ని కదపకండక్కా, ఊడితే కింది గదులు మునుగుతాయి. ఓనరు నన్ను పీక్కుతింటాడు."

బయట డ్రైవరు అరిచాడు: "అమ్మా, వస్తారా, పొమ్మంటారా? నాకింకో బేరముంది!"

"మీరెళ్ళి అతన్ని పట్టుకోండి," అంది తుడిచే ఆవిడ ఆయనతో. ఆయన నిక్కరుతోనే ఉరికాడు.

బొత్తాలక్క పైపు దగ్గరికెళ్ళి నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుంది. ముక్కను విప్పకుండా మడత మాత్రమే విప్పాలి. గోరుతో లాగింది, పళ్ళతో కొరికింది. ఒక్క పోగూ కదల్లేదు.

"ఇంత గట్టి కుట్టెవరేశారక్కా?"

"నేనే! నా చేతులు విరగ!"

తుడిచే ఆవిడ తన జడలోంచి పిన్ను తీసి ఇచ్చింది. దాని మొనతో ఒక్కో కుట్టూ ఎత్తుతుంటే ముఖం మీద నీళ్ళు చిమ్ముతున్నాయి. ఇంజను చప్పుడు వినిపించింది. కవరు మూల బయటపడగానే ఒక్క గుంజు గుంజి పరుగు తీసింది.

బండి కదలలేదు. డ్రైవరు చేయి హారన్ మీదే ఉంది. బండి ముందు భర్త చేతులు చాపి నిలబడ్డాడు. "నన్ను తొక్కించి పో!" అంటున్నాడు.

ఇద్దరూ సంచులు లోపలికి విసిరి బండెక్కారు. విమానాశ్రయం గుమ్మం దగ్గర డ్రైవరు పొడి నోట్లు, తడి చీర, సగం ప్యాంటు వంతులవారీగా చూసి, డబ్బు జేబులో పెట్టుకుని, "పరుగెత్తండి," అన్నాడు. పరుగెత్తారు. తలుపు మూసేలోపు ఎక్కినవాళ్ళలో చివరివాళ్ళు వీళ్ళే.

సీట్లో కూర్చున్నాక ఆయన అన్నాడట: "నాకో మాట చెప్పుంటే కోసేవాణ్ణా?"

"చెప్పుంటే అది నిన్నటిదాకా ఉండేదా?"

ఉతకడం గురించి ఆలోచించాను గానీ, కత్తెర పట్టే దాన్నై ఉండి కత్తెర గురించి ఆలోచించలేదంటుంది బొత్తాలక్క. ఆ నిక్కరు ఇప్పటికీ దారాలు వేలాడుతూనే ఉంది. మడిచి కుడతానంటే ఆయన ఇవ్వడు.

"ఎందుకివ్వరట?" అని అడిగాను.

"మళ్ళీ అందులో ఏం దాస్తానోనని భయమట!"